బిందె మీద అమ్మమ్మ పేరు

పట్టాదారు పుస్తకంలో లేదు. ఇంటి కాగితాల్లో లేదు. ఒక ఇత్తడి బిందె మీద మాత్రం ఉంది. నల్లగొండ పల్లెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు వదిలివెళ్లిన సామాన్ల వెంట నడిస్తే దొరికిన కథ ఇది.

దసరా దగ్గర పడుతోందంటే మా అమ్మమ్మ వాళ్లింట్లో అటుక దులపాల్సిందే. నార్కట్‌పల్లిలో ఆ ఇల్లు హైవేకి కాస్త లోపలికి ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సుల హారన్లు, ఇక్కడే చీలి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి దారి పట్టే లారీల మోత రాత్రంతా వినిపిస్తూనే ఉంటాయి. పోయినేడు అమ్మ, అత్త, నేను ఆ పనిలో ఉండగా వీధిలో ఒక ఆటో వచ్చి ఆగింది. పాత ఇత్తడి, రాగి, ఇనుము కొంటామని మైకులో రికార్డు మోగుతోంది. ఏటా వచ్చేదే. ఏటా ఏదో ఒకటి ఇచ్చి పంపేదే.

అత్త అప్పటికే కిందికి దింపిన కుప్పలో ఒక బిందె ఉంది. అడుగున సొట్ట, పక్కన సన్నటి చిల్లు. నీళ్లు నిలవవు, వండటానికి పనికిరాదు, తోముదామంటే చెయ్యి నొప్పి. ఆటో అతను దాన్ని కాంటా మీద పెట్టాడు. అంతలో అమ్మ కొంగుతో దాని మీది దుమ్ము తుడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఆగు తమ్మీ. దాన్ని దించు" అంది.

బిందె పొట్ట మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయి. మొదట ఇంటిపేరు పొడి అక్షరం, దాని పక్కన అమ్మమ్మ పేరు. చివరి అక్షరం సగానికి సగం అరిగిపోయింది. అది సరిగ్గా నడుముకు ఆనే చోటు. ఏళ్ల తరబడి బాయి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బాయికి మోసిన బిందె అది. ఆమె పేరును ఆమె నడుమే అరగదీసింది.

నాకు తెలిసి అమ్మమ్మ పేరు రాసి ఉన్న వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. రెండెకరాల చెలక తాత పేరున ఉండేది. ఇల్లు తాత పేరునే. రేషన్ కార్డులో మొదటి పేరు తాతది. ఆహార భద్రత చట్టం వచ్చి ఇంటి పెద్ద ఆడమనిషినే కార్డుకు యజమాని అనాలని చెప్పింది 2013లో. అమ్మమ్మ అప్పటికి లేదు. పుట్టిన తేదీ కూడా లేదు ఆమెకు. "రజాకార్లు తిరిగిన ఏడు నాకు పెండ్లీడు" అనేది. అంతే లెక్క.

పెళ్లికి సామాను కొన్నప్పుడు దుకాణంలోనే పేర్లు కొట్టించడం మన తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన పని. దుకాణంలో ఒక మూల చిన్న సుత్తి, సన్న ఉలి పట్టుకొని ఒక మనిషి కూర్చునేవాడు. కాగితం మీద రాసిచ్చిన పేరు చూసి చుక్కలతో అక్షరాలు పొదిగేవాడు. తర్వాత కరెంటు మిషన్లు వచ్చి గీతల అక్షరాలయ్యాయి. బహుమతి గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరుంటుంది, సారె గిన్నె మీద ఆడపిల్ల పేరుంటుంది. ఊరందరి గిన్నెలు ఒకచోట చేరే పెళ్లిళ్లలో, బోనాల్లో ఎవరివి వాళ్లకు చేరాలంటే అదే ఆధారం. అమ్మమ్మకు చదువు రాదు. కానీ బాయి గడ్డ మీద ఇరవై బిందెల్లో తనది వేలితో తడిమి గుర్తుపట్టేదట. అది చదవడం కాదని ఎట్లా అంటాం?

నీళ్లు మోసిన జిల్లా

బిందె గురించి మాట్లాడి నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడకుండా ఉండలేం. మా అమ్మమ్మ తరం మోసింది మామూలు నీళ్లను కాదు, ఫ్లోరైడ్ నీళ్లను. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ గుట్టల నేలలో బాయి ఎండి, బోరు లోతుకు దిగిన కొద్దీ అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లే పైకి వచ్చాయి. పళ్ల మీద పసుపు చారలు, ముప్పై ఏళ్లకే వంగిన నడుములు, ముడుచుకోని మోకాళ్లు. మా వీధిలో అమ్మమ్మ ఈడు ఆడవాళ్లలో నిటారుగా నడిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆఫ్రికా ఖండంలోని టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పద్ధతి. మా జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర పత్రాల్లోకి ఎక్కింది ఒక బాధ పేరు మీద. 2015 జూన్‌లో ఇదే హైవే మీద, చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకానికి పైలాన్ నిలబెట్టారు. దానికే మిషన్ భగీరథ అని పేరు. ఈ రోజు మా అత్త వంటింట్లో కృష్ణా నీళ్లు పడుతున్నాయి. ఆ బిందెతో ఇక ఆమెకు పని లేదు. నిజానికి మంచిదే.

అందుకే ఆ బిందె అటుకెక్కింది. అందుకే కాంటా ఎక్కబోయింది కూడా. కష్టం తీరిన ఇంట్లో ఆ కష్టపు గుర్తు మొదట పోతుంది. ఒక తరం నీళ్ల కోసం ఏం చేసిందో మనవరాళ్లకు చెప్పే సాక్షి అదొక్కటే కదా.

చందుపట్ల రాయి

నార్కట్‌పల్లికి పొరుగునే నకిరేకల్. ఆ మండలంలో చందుపట్ల అనే ఊరు. కాకతీయ రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందన్న ప్రశ్నకు చరిత్రకారులకు జవాబు దొరికింది ఆ ఊళ్లోనే. పువ్వుల ముమ్మడి అనే బంటు అక్కడ ఒక శాసనం వేయించాడు. కాకతి మహాదేవి, సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినందుకు, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చానని అందులో చెప్పాడు. శాసనం తేదీ 1289 నవంబర్ 27. ఇప్పుడు రుద్రమ వర్ధంతి చేస్తున్నదీ ఆ తేదీకే.

ఓరుగల్లును ఏలిన రాణి మరణానికి మనకు దొరికిన ఆధారం ఒక మామూలు బంటు రాయించిన రాయి. అతనికి బుద్ధి పుట్టకపోతే ఆ సంగతి మట్టిలోనే ఉండేది. ఇంకో మాట. రుద్రమ తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే కాకతీయ సింహాసనం అమ్మమ్మ నుంచి మనవడికి వచ్చింది. రుద్రమ ముత్తాత, తాతల వంశావళి మనకు ఇంత వివరంగా తెలియడానికి పెద్ద ఆధారం కూడా ఒక ఆడమనిషి వేయించినదే. రుద్రమ తండ్రి గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారం చెరువు తవ్వించి, అక్కడ నిలిపిన శాసనంలో పుట్టింటి వంశమంతా రాయించింది.

రాణులకు రాళ్లు దొరికాయి. మా అమ్మమ్మకు దొరికింది ఇత్తడి. చందుపట్ల రాయికి ఉన్నంత విలువ ఆ బిందెకు మా ఇంట్లో ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

సందూకలో ఏముంది

ఆ రోజు బిందె దగ్గర ఆగిన పని సందూక దాకా పోయింది. అమ్మమ్మ చెక్క సందూక. ఇనుప పట్టీలు, పెద్ద గొళ్లెం. తాళం చెవి ఎప్పుడో పోయింది. మూత తీయగానే వేపాకు వాసన, దాని వెనక ఇంకేదో నూనె వాసన.

ఆ నూనె వాసన తాత తలరుమాలుది. తేలియా రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు లేదు. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, అప్పుడు ముడులు కట్టి రంగులద్ది నేస్తారు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఓడలెక్కిన బట్ట అది. మన వైపు పుట్టపాక నేతగాళ్లు ఆ విద్యను నిలబెట్టారు. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆముదం పండే మెట్ట నేలలోనే ఆ బట్ట బతకడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. తాత పోయాక అమ్మమ్మ దాన్ని ఉతకలేదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ నూనె వాసన పోలేదు.

దాని కింద ఒక బొంత. దీని దగ్గర కాసేపు ఆగాలి.

బొంత అంటే పాత చీరల పొరలు. అమ్మ దాన్ని అరుగు మీద పరిచి, చిరిగిన ఒక మూల వేళ్లతో విప్పి చూపించింది. పై పొర లేత ఆకుపచ్చ నూలు చీర, అది పెద్దత్తది. దాని కింద గళ్ల చీర, నారాయణపేట నేత. మహబూబ్‌నగర్ వైపు నుంచి అమ్మమ్మకు పుట్టింటివాళ్లు పోసిన ఒడిబియ్యంతో వచ్చిన చీర అది. ఆమె పుట్టిల్లు అటు వైపే. ఇంకో పొర లోపల తాత ధోతి. అన్నిటికన్నా లోపల, ఇక చిరగడానికి కూడా ఓపిక లేనంత మెత్తగా, ఒక పసుపు పచ్చని ముక్క. "గిది మా అవ్వది" అని అమ్మమ్మ చెప్పేదట. అంటే నా ముత్తవ్వ చీర. కుట్టు అంచు దగ్గర మొదలై, నలుచదరంగా తిరుగుతూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. ఆ నడిమిలో దారం ముడి. మూడు తరాల ఆడవాళ్ల చీరలు ఒక్క బొంతలో. చలికాలం మేము పిల్లలమంతా దాని కిందే పడుకున్నాం. ఎవరి చీరలు కప్పుకున్నామో అప్పుడు తెలియదు.

బెంగాల్‌లో ఇదే పనిని కాంతా అంటారు. పాత చీరల అంచుల నుంచి తీసిన దారంతోనే పొరలు కలిపి కుట్టిన వాటిని ఈ రోజు మ్యూజియాల్లో గాజు వెనక పెడుతున్నారు. మన బొంత మాత్రం పరుపులొచ్చాక కుక్కకు పక్కగానో, ట్రాక్టరు సీటు మీదనో పడింది. ఈ మాట రాస్తుంటే నాకు కష్టంగానే ఉంది.

సందూక అడుగున చిన్న గుడ్డ ముల్లె. అందులో రెండు నాణేలు. ఒకదాని మీద చార్మినార్ బొమ్మ. మధ్య కమానులో ఒక ఉర్దూ అక్షరం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మొదటి అక్షరం ‘ఐన్’. అదే హాలీ సిక్కా రూపాయి. రెండోది బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయి. దాన్ని కల్దారు అనేవాళ్లు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు సుమారు మారకం. హైదరాబాద్ రాజ్యం 1948 సెప్టెంబర్‌లో పోయినా హాలీ డబ్బు 1950ల చివరిదాకా చెల్లింది. హాలీ రూపాయికి పైన చిన్న కొక్కెం అతికించి ఉంది. పసిపిల్లలకు నల్లదారంలో కట్టిన గుర్తు. మామ మెడలో, అమ్మ మెడలో, తర్వాత నా మెడలో ఉందట. నాకు గుర్తు లేదు. అమ్మకు గుర్తుంది.

నగలు లేవు. కడియాలు, గుండ్లపేరు, దండకడియం ఉండేవని విన్నాం. కొన్ని కరువు ఏడాదిలో తాకట్టుకు పోయి రాలేదు. కొన్ని మనవరాళ్ల పెళ్లిళ్లకు కొత్త మోడల్ కోసం కరిగిపోయాయి. తరుగు పోగా మిగిలిన బంగారం ఎవరి మెడలో ఏ గొలుసుగా ఉందో ఇప్పుడు చెప్పలేం. బంగారం నిలిచింది. అమ్మమ్మ మాత్రం అందులో లేదు.

పంపకాల్లో ఆడపిల్లలకు గిన్నెలు, మగపిల్లలకు నేల రావడానికీ ఒక కారణం ఉంది. ఆడది తన స్వాధీనంలో ఉన్న ఆస్తికి పూర్తి హక్కుదారు అని 1956 హిందూ వారసత్వ చట్టం చెప్పింది. కానీ తరతరాల ఉమ్మడి నేలలో కూతుళ్లకు వాటా ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో వచ్చింది. అదీ 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లి కాని వాళ్లకే. మా అమ్మ పెళ్లి 1976లో. దేశమంతా కూతుళ్లను కొడుకులతో సమానం చేసిన సవరణ 2005లో వచ్చేసరికి చెలక పంపకం ఎప్పుడో అయిపోయింది. అమ్మకు దక్కింది బిందె, బొంత, ముల్లె. ఆ మాట అమ్మ ఎప్పుడూ నిష్ఠూరంగా అనలేదు. నేను అంటున్నాను.

అడిగితే చెప్పారు

చెప్పేవాళ్లు ఉండి అడిగేవాళ్లు లేకపోవడమే మన పెద్ద నష్టం. అడిగినప్పుడు ఏం దొరుకుతుందో ఈ జిల్లానే ఒకసారి చూపించింది. 1980లలో హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు కె. లలిత, వసంత కన్నబిరాన్, వీణా శత్రుఘ్న, రమా మేల్కోటే తదితరులు టేప్ రికార్డర్ పట్టుకొని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు చెప్పిన జీవితాలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. పోరాటం ముగిసింది 1951లో. మూడు దశాబ్దాల పాటు ఆ ఆడవాళ్లను కూర్చోబెట్టి నీ కథ చెప్పమ్మా అని అడిగినవాళ్లు చాలా తక్కువ. అడగ్గానే అన్నం మూటలు మోసిన రాత్రులు, అడవిలో కాన్పులు, ఇతరుల చేతుల్లో పెట్టి వచ్చిన పసిబిడ్డలు అన్నీ బయటికి వచ్చాయి. ఆ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం తన జీవితాన్ని ఇంకా వివరంగా చెప్పింది చివరి రోజుల్లో. కాత్యాయని, విమల రాసిపెట్టగా ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. 2022 మార్చిలో ఆమె కన్నుమూసింది. మూడేళ్లు ఆలస్యమైతే ఆ పుస్తకం లేదు.

అమృత్‌సర్‌లో 2017లో తెరిచిన దేశ విభజన మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు పెట్టె ఉన్నాయి. పెళ్లి నిశ్చయమైన ఒక జంట విభజన అల్లర్లలో చెరో దారి అయ్యి, శరణార్థి శిబిరంలో మళ్లీ కలుసుకున్నారు. కోటు ఆమెది, పెట్టె అతనిది. చూడటానికి మామూలు వస్తువులే. పక్కన ఆ కథ రాసి ఉంది కాబట్టి జనం అక్కడ నిలబడిపోతారు. రజాకార్ల కాలంలో మన ఊళ్లలోనూ ఇత్తడి సామాను చెలకల్లో పాతిపెట్టి, పిల్లలను చంకనేసుకొని పొలిమేరలు దాటిన ఇళ్లున్నాయి. ఆ గిన్నెలు కొన్ని ఇంకా అటుకల మీద ఉన్నాయి. పక్కన రాసిపెట్టిన కాగితమే లేదు.

వస్తువులుగా మిగలనివీ ఉన్నాయి. అమ్మమ్మ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు, ఎరుకలామె పొడిచింది, ఆమెతోనే పోయింది. చెరువుగట్టు జాతరకు మాఘమాసంలో మమ్మల్ని నడిపించుకుంటూ పోయి, మూడు గుండ్ల సందులో ఇరుక్కోకుండా పక్కకు తిరిగి ఎట్లా దూరాలో ఆమె చూపించిన ఒడుపు నా ఒంట్లో ఉంది. బతుకమ్మ పాటలు ఆమెకు ఎన్ని వచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మకు వచ్చినవి అందులో సగం. నాకు వచ్చినవి మూడు.

ఆ ఆటో అతను ఖాళీగా వెళ్లిపోలేదు. పాత ఇనుము, పగిలిన కుర్చీలు తీసుకెళ్లాడు. బిందెకు నల్లగొండలో మాటు వేయించాం. చింతపండు, ఇటుక పొడి పెట్టి అమ్మే తోమింది. సద్దుల బతుకమ్మ రోజు గునుగు, తంగేడు మోపులు తెచ్చి అందులో నీళ్లు పోసి నిలబెట్టాం, పూలు వాడకుండా. ఆ రాత్రి అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, బొంత పొరలు ఒక్కొక్కటి పట్టుకొని ఎవరిదో చెప్పమని ఫోన్‌లో రికార్డు చేశాను. నలభై రెండు నిమిషాలు. మధ్యలో లారీల మోత, అత్త నవ్వు, అమ్మ రెండుసార్లు ఏడ్చి ఆగిన చోట్లు అన్నీ అందులో ఉన్నాయి.

ఈ పండక్కి మీరూ ఊరికి పోతారు. అటుక దులిపే ముందు పాత గిన్నెలను వెలుతురులో తిప్పి చూడండి. పేరు కనిపిస్తే ఆ గిన్నెను కాంటా మీద పెట్టకండి. ఇంట్లో అవ్వ ఉంటే అన్నం తిన్నాక పక్కన కూర్చొని అడగండి. ఇది ఎవరిచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చింది, అప్పుడు నీ ఈడెంత, దీంతో ఏం చేసేదానివి అని. చెప్పింది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే రాసి, ఆ కాగితం గిన్నెలోనే పెట్టండి. పని వాయిదా వేయకండి. నేను వేసినందుకే మా అమ్మమ్మ గొంతు నా దగ్గర లేదు.